ఫోటోకెక్కని వెనక కొట్టం

పోయిన వారం మనం పిచ్చుకను పాల క్యాన్ల గది గుమ్మంలో వదిలేశాం. చంకలో జ్వరం తగ్గీ తగ్గని పిల్ల. లోపలికి అడుగెయ్యాలో వెనక్కి తిరగాలో తేలక, గడప ఇవతలే నిలబడిపోయింది ఆ అమ్మాయి. గాలికి ఎగిరిపోయేంత బక్కమనిషి కాబట్టి ఆ డెయిరీలో అందరూ ఆమెను పిచ్చుక అనే పిలుస్తారు.

గదిలో ముగ్గురున్నారు. పాల కంపెనీ నుంచి తనిఖీకి వచ్చిన మేడం కుర్చీలో ఉంది. మేనేజరు ఆవిడ పక్కనే వంగి నిలబడ్డాడు. బల్లకు ఇవతల, చేతులు కట్టుకుని, తప్పు చేసిన బడిపిల్లాడిలా పిచ్చుక మామగారు.

బల్ల మీద ఆ ఫోటో ఉంది. పది రోజులుగా ఎన్ని ఫోన్లలో తిరుగుతోందో లెక్కే లేదు. ఒక ఆవు నేల మీద పడి, నాలుక బయటపెట్టి ఉంటుంది. మామగారే ఒక కాలు ఆవు తుంటికి తన్నిపెట్టి రెండు చేతులా తాడు లాగుతుంటాడు. తాడంతా నెత్తురు, చొక్కా అంతా నెత్తురు. కింద ఎవరో రాశారు: ‘మీ పిల్లలు తాగే పాలు ఈ చేతుల్లోంచే వస్తున్నాయి.’

రాసినవాళ్ళకు తెలియంది ఏమిటంటే, ఆ తాడు రెండో కొస ఆవు కడుపులో ఉంది. తల పక్కకు తిరిగిపోయి బయటికి రాలేని దూడ ముందుకాళ్ళకు కట్టి ఉంది. డాక్టరు వచ్చేసరికి రెండు గంటలు పట్టేలా ఉంది. “తాడు ఎటునుంచి లాగుతున్నారో ఫోటో తీసి పంపు, చెబుతాను” అన్నాడు ఫోన్లో. పిచ్చుక తీసి పంపింది. దూడ బతికింది.

అక్కడితో అయిపోవాల్సిందే. కానీ ఆ రోజు శనివారం. శనివారం శనివారం కొట్టాల ఫోటోలు తీసి పాల కంపెనీకి పంపడం పిచ్చుక పని. పిల్ల ఏడుస్తుంటే, ఆ రోజు తీసినవన్నీ కలిపి ఒక్కసారే పంపేసింది. తళతళలాడే ఎనిమిది ఫోటోల తోక పట్టుకుని తొమ్మిదోది కూడా వెళ్ళింది. ఆ ఆఫీసులో ఎవరి చేతిలోంచి జారిందోగానీ, జనం నోట్లో పడింది.

ఇవాళ తేలాల్సింది ఒకటే. మామయ్యది తప్పేనని మేడం రాసిందంటే, పాతికేళ్ళుగా చేస్తున్న పని పోతుంది. కొట్టాల పక్కన తలదాచుకున్న ఒంటిగది పోతుంది. అంతకంటే ముందు, ఇక ఈ జన్మలో ఆయన్ని ఏ పశువు దగ్గరికీ ఎవరూ రానివ్వరు. మొదటి రెంటినీ ఆయన తట్టుకుంటాడు. మూడోదాన్ని తట్టుకోలేడని పిచ్చుకకు తెలుసు.

“లోపలికి రామ్మా. పిల్లనెత్తుకుని ఎంతసేపని నిలబడతావు?” అంది మేడం.

“ఆ అమ్మాయికేం తెలీదు మేడం” అన్నాడు మేనేజరు గబగబా. “దూడలకి పాలు పడుతుంది, అంతే. ముసలాయన కోడలు. నువ్వెళ్ళమ్మా, పిల్లకి మందు టైమైనట్టుంది.”

ఎన్నడూ లేనిది, ఈయనకు నా పిల్ల మందు గుర్తొచ్చిందేమిటా అనుకుంది పిచ్చుక. గడప దాటి లోపలికే వచ్చింది.

చంకలోని పిల్ల బల్ల మీదికి వంగింది. జ్వరానికి వాడిపోయిన ముఖం ఒక్కసారి వెలిగింది. చిటికెనవేలంత చెయ్యి చాపి ఫోటోను ముట్టుకుంది.

“తాత! తాత... దూద! దూద!”

ఆ ఫోటోలో దూడ లేదు. ఎంత వెతికినా కనబడదు. ఆ రోజు దాణా తొట్టిలో కూర్చుని అంతా చూసిన పిల్లకు మాత్రం కనబడింది.

మామయ్య తల పక్కకు తిప్పుకున్నాడు.

“మేడం, ఆ రోజు నేనక్కడే ఉన్నాను” అంది పిచ్చుక. వరసగా చెప్పింది. డాక్టరు అడగడం, తను తియ్యడం, తొందరలో కలిపి పంపెయ్యడం, అన్నీ.

మేడం చివరిదాకా విన్నది. “డాక్టర్ని అడిగానమ్మా. రోజుకి పాతిక ఫోటోలొస్తాయి, ఏది ఎవరిదో గుర్తులేదన్నాడు. ఫోన్లో చెరిపేశాడట.”

“చూశారా!” అన్నాడు మేనేజరు. “మేం మాత్రం ఏం చేస్తాం మేడం? ఇన్నేళ్ళ మనిషి కదాని నమ్మాం. ఒక్కడి మూలంగా డెయిరీ పేరు గంగలో కలిసింది. మా కొట్టాలు ఎలా ఉంటాయో మీకు తెలీందేముంది? వారం వారం ఫోటోలు చూస్తూనే ఉన్నారు.”

“చూస్తూనే ఉన్నాం” అంది మేడం. సంచిలోంచి ఒక కట్ట తీసి బల్ల మీద పరిచింది. పిచ్చుక తీసిన ఫోటోలే. కడిగిన గోడలు, నల్లటి రబ్బరు మ్యాట్లు, వాటి మీద తీరిగ్గా నెమరేస్తున్న ఆవు. “అందుకే ఒకటడగాలి. ఈ నెత్తురు ఫోటోలో నేల చూడండి. మ్యాటు లేదు. పేడతో నున్నగా మెరిసిపోతోంది. రెండేళ్ళ ఫోటోలు తిరగేశాను, ఇలాంటి నేల ఎక్కడా లేదు. ఇదెక్కడిది?”

మేనేజరు ఫోటో చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పాడు. “అది... దారి మేడం. కొట్టాలకి మధ్యన.”

“దారిలో ఈనిందా ఆవు?”

మేనేజరు రుమాలు తీసి మెడ తుడుచుకున్నాడు.

మేడం మరో కాగితం తీసింది. “క్యాన్ల మీద మా ఫిర్యాదుల నంబరు ఉంటుంది. ఈ డెయిరీ నుంచి ఏడాదిలో మూడు ఫోన్లొచ్చాయి. పేరు చెప్పలేదు. మాట మాత్రం ఉన్నదున్నట్టు రాసుకున్నారు మావాళ్ళు.” చదవడం మొదలుపెట్టింది. “‘వెనక కొట్టంలో నేల జారిపోతోంది తల్లీ, మ్యాట్లు వేయించండి.’ ఇది మొదటిది. రెండోది, ‘వెనక కొట్టంలో చూడి ఆవు జారిపడింది తల్లీ, తుంటి వాచింది, రేపు ఈనేటప్పుడు లేవలేదది.’ మూడోది...” కాగితం తిప్పింది. “‘ఫోటో చూసి ఊరుకోకండి తల్లీ. ఎవరైనా ఒకరు వచ్చి చూడండి.’”

అవతల ఫోనెత్తిన ఆఫీసు పిల్లను కూడా తల్లీ అని పిలిచే మనిషి ఈ డెయిరీలో ఒక్కడే ఉన్నాడు. పిచ్చుక మామయ్య వైపు చూసింది. ఆయన తన కాలిగోళ్ళు చూసుకుంటున్నాడు.

“మరి... ఎవరూ రాలేదేం మేడం?” అంది పిచ్చుక.

“మూడుసార్లూ మావాళ్ళు ఆ వారం మీరు పంపిన ఫోటో బయటికి తీసి చూశారు. మీ వెనక కొట్టానికి పెట్టిన పేరే, ‘రెండో కొట్టం’ అని బోర్డు ఉంది. కింద మ్యాట్లున్నాయి. ఆవు కులాసాగా ఉంది. ‘ఫిర్యాదు నిజం కాదు’ అని రాసి మూసేశారు.” మేడం ఒక ఫోటో ముందుకు తోసింది. “ఇదిగో, మూడోసారి చూసిన ఫోటో.”

పిచ్చుక ఫోటో మీదికి వంగింది.

ఆ బోర్డు తను తగిలించిందే. చెక్కపలక మీద తెల్లరంగుతో ‘రెండో కొట్టం’ అని రాయించి మేనేజరు ఇచ్చాడు. ముందు కొట్టంలో నాలుగు ఫోటోలు తీశాక, అక్కడే గోడకు ఆ పలక తగిలించి, ఆవును ఇటునుంచి అటు తిప్పి నిలబెట్టి మరో నాలుగు తియ్యాలి. చెవికున్న నంబరు ట్యాగు కుడివైపుంటుంది, అది కనబడకుండా రెండోసారి ఎడంవైపు నుంచి తియ్యాలి. ఆవు కూడా ఒకటే. వారం వారం ఒళ్ళు రుద్ది స్నానం చేయించి, తోకకుచ్చు దువ్వే ఆవు. పనివాళ్ళు దాన్ని హీరోయిన్ అనేవాళ్ళు. “ఏమ్మా, హీరోయిన్‌కి మేకప్పయ్యిందా? షూటింగ్ ఎన్నింటికి?” అని మామయ్య కూడా నవ్వించేవాడు.

“వెనక కొట్టంలో వెలుతురు సరిపోదమ్మా, ఫోటో నల్లగా వస్తుంది. అందుకే ఇక్కడ” అని మేనేజరు చెబితే నమ్మింది. నమ్మిందా? నమ్మడం సుఖంగా ఉండి నమ్మింది. ఏడో తరగతి మధ్యలో బడి మాన్పించాక, నీకు ఫలానాది బాగా వచ్చు అని ఆమెతో అన్నవాళ్ళు లేరు. “నీ చేతిలో ఏదో కళ ఉందమ్మాయ్” అన్నాడు మేనేజరు మొదటి శనివారం. ఆ ఒక్క మాటను వారం రోజులు నెమరేసుకుంది. పిల్లకు పాలిస్తూ, బట్టలు ఉతుకుతూ, ఈసారి ఎటునుంచి తీస్తే ఎండ బాగా పడుతుందా అని ఆలోచించేది.

ఒకసారి ఫోను తీసుకెళ్ళి మామయ్యకు చూపించింది కూడా. ఇదే ఫోటో. ఆయన చాలాసేపు చూశాడు. కళ్ళు ఆనడం లేదేమో అనుకుని తను పెద్దది చేసి చూపించింది. “బాగుందమ్మా” అన్నాడు. ఆ రోజు అన్నం సగంలో లేచి వెళ్ళాడు. ఎందుకో తను అడగలేదు.

తెలిసే బాగుందన్నాడు. తన మాటను అబద్ధం చేసింది ఆ ఫోటోయేనని తెలిసి, తీసిన చెయ్యి కోడలిదని తెలిసి, ఇంట్లో ఒక్క మాట అనలేదు. పాల ట్యాంకరు తోలే కొడుకు వారానికోసారి ఇంటికొస్తాడు, వాడితోనూ అనలేదు.

“ఇంతకీ ఈ ఫోటోలు తీసిందెవరు?” అంది మేడం.

మేనేజరు పిచ్చుక వైపు చూశాడు. ఇప్పటిదాకా దాచిపెట్టిన మనిషిని ఇప్పుడు ముందుకు తొయ్యడమే మేలనుకున్నట్టుంది, నోరు తెరవబోయాడు.

“నేనే” అన్నాడు మామయ్య.

అందరూ అటు తిరిగారు.

“నేనే తీశాను మేడం. అవీ నావే, ఈ నెత్తురుదీ నా తప్పే. ఈ అమ్మాయికి ఏ పాపం తెలీదు. ఏం రాసుకుంటారో నా పేరునే రాసుకోండి.”

“ఈ ఫోటోలో ఉన్నది మీరే కదండీ?”

“ఉన్నాను... ఉండి తీశాను.”

మేడం నవ్వలేదు. తన ఫోను తీసి ఆయన చేతిలో పెట్టింది. “సరే, ఒకటి తియ్యండి. ఆ కిటికీని తియ్యండి చాలు.”

ఆ చేతులు చీకట్లో తడుముకుని కూడా దూడ ముట్టె ఎటుందో, గిట్ట ఎటుందో చెప్పగలవు. ఇప్పుడు ఆ గాజుపలకను కోడిగుడ్డులా పట్టుకున్నాయి. ఎక్కడ నొక్కాలో తెలియక ఒకచోట నొక్కాడు. తెర మీద కిటికీకి బదులు ఆయన ముఖమే వచ్చింది. ఉలిక్కిపడి, ఫోను కింద పడిపోతుందేమోనని గుండెకు హత్తుకున్నాడు.

“తాత!” అని చప్పట్లు కొట్టింది పిల్ల.

“చాలు మామయ్యా” అంది పిచ్చుక. ఆయన చేతుల్లోంచి మెల్లగా ఫోను విడిపించి మేడం ముందు పెట్టింది. “నేనే తీశాను మేడం. రెండేళ్ళ నుంచి అన్నీ నేనే. అది రెండో కొట్టం కాదు, అదీ ముందు కొట్టమే. ఆవు కూడా ఒక్కటే. వెనక కొట్టంలో పద్నాలుగు ఆవులున్నాయి. కింద మ్యాట్లు లేవు. వాటిల్లో ఒక్కదాన్నీ నేనెప్పుడూ ఫోటో తియ్యలేదు. ఆ రోజు ఈనలేక పడిపోయినదాన్ని తప్ప.”

“అబద్ధం!” మేనేజరు ముఖం కందగడ్డయింది. “మామని కాపాడుకోవడానికి ఎంతకైనా తెగిస్తోంది!”

మేడం పిచ్చుకనే చూస్తోంది. ఆ చూపులో కోపం లేదు. అదే భయపెట్టింది పిచ్చుకను.

“నువ్వే చెప్పమ్మా. రెండేళ్ళ పాటు ప్రతి వారం ఎనిమిది ఫోటోల్లో నాలుగు అబద్ధాలే పంపావు. తొమ్మిదోది మాత్రం నిజం, అదీ నేను చూసినట్టు కాదు నువ్వు చెప్పినట్టు నిజం అంటే, ఏం చూసి నమ్మను?”

పిచ్చుక పిల్లను భుజం మీదికి మార్చుకుంది. పిల్ల ఒళ్ళు మళ్ళీ వేడెక్కుతున్నట్టు అనిపించి నుదుటి మీద చెయ్యి వేసింది. పిల్ల నుదురే వేడో, తన చెయ్యే చల్లబడిందో తెలియలేదు.

“నన్ను నమ్మొద్దండి” అంది చివరికి. “వచ్చి చూడండి. నాలుగడుగులు.”

మేడం లేచింది.

వెనక కొట్టానికి దారి పొడుగునా పిచ్చుక ముందు నడిచింది. పది రోజులుగా మామయ్యను ఆ వైపు రానివ్వడం లేదు. తను మూడు రోజులుగా పిల్లతో ఆసుపత్రి చుట్టూ తిరుగుతోంది. అయినా ఆ రేకుల తలుపు వెనక ఏముందో ఆమెకు కంఠతా వచ్చు. మోకాళ్ళు చెక్కుకుపోయిన ఆవులు. ఎక్కడ అడుగెయ్యాలో తెలియక నాలుగు కాళ్ళూ ఎడంగా పెట్టి నిలబడే ఆవులు. ఓ మూల, ఈనిన రోజు నుంచీ లేవలేని ఆవు. మామయ్య దాన్ని పిల్లతల్లి అంటాడు.

తలుపు తోసింది.

సున్నం వాసన ముక్కుపుటాలు అదరగొట్టింది. గోడలు తెల్లగా మెరుస్తున్నాయి. ఆ చివర నుంచి ఈ చివర దాకా కొత్త రబ్బరు మ్యాట్లు, మడతలు కూడా విప్పుకోలేదు. గోడకు ‘రెండో కొట్టం’ పలక. దాని కింద ఒక్కటంటే ఒక్క ఆవు. తోకకుచ్చు దువ్వి ఉంది. తనకు అలవాటైన మనిషిని చూసి, ఫోటోకన్నట్టు తలెత్తింది.

రెండేళ్ళుగా తను తీసిన అబద్ధం ప్రాణం పోసుకుని ఎదురుగా నిలబడింది.

“ఇదేనా నువ్వు చూడమన్నది?” అంది మేడం మెల్లగా.

“పద్నాలుగు ఉన్నాయండీ. నిజంగా ఉన్నాయి. నా పిల్ల మీద ఒట్టు...” అనబోయి నాలిక కరుచుకుంది పిచ్చుక. జ్వరంతో ఉన్న పిల్ల మీద ఒట్టా!

“మేతకి తోలారు మేడం మిగతావాటిని” అన్నాడు మేనేజరు. అతని గొంతు ఇప్పుడు తేటపడింది. “ఈనిందేమో మొన్నే పోయింది. పూడ్చేశాం. ముసలాయన లాగిన లాగుడికి బతుకుతుందా?”

మామయ్య ఆ మాటకు తలెత్తలేదు. వంగి, వెనక తలుపు దగ్గర మ్యాటు అంచు పైకి లేపి చూస్తున్నాడు. కింద పాత నేల. దాని మీద వెడల్పాటి చార, తలుపు కింద నుంచి బయటికి. బరువైనదేదో ఈడ్చుకెళ్ళిన చార. తలుపు తీసుకుని దాని వెంట పోయాడు. మేడం మ్యాట్లు చూసుకుంటూ, పలకను వెనక్కి తిప్పి చూస్తూ కొట్టంలోనే ఉండిపోయింది. పిచ్చుక పిల్లతో మామయ్య వెనక పరుగెత్తింది.

కొట్టం వెనక ప్రహరీగోడ వారగా నీలం పట్టా కప్పి ఉంది. పట్టా కదులుతోంది.

మామయ్య తీశాడు. పిల్లతల్లి. ఈడ్చిన మోకు వెనక కాళ్ళకు అలాగే ఉంది. పలుపుతాడు మెడ చుట్టూ బిగిసి చర్మంలోకి దిగింది. కళ్ళు తెరిచే ఉన్నాయి. ఆయన్ని చూసి చెవి ఒక్కటి కదిపింది.

“వచ్చానే. వచ్చానమ్మా” అని ఆయన మట్టిలో కూలబడ్డాడు. ఆవు తలను తొడ మీదికి తీసుకున్నాడు. “అమ్మాయ్, నీళ్ళు. ముందు నీళ్ళు పట్రా. మేడాన్ని తర్వాత పిలుద్దువుగాని.”

పిచ్చుక కుళాయి దగ్గరికి పరుగు తీసింది. ఒక చంకలో పిల్ల, ఒక చేతిలో బకెట్టు. సగం నిండగానే ఆగలేక తిరిగింది. మూల తిరిగేసరికి, గోడ పక్క నుంచి చుట్టూ తిరిగొచ్చిన మేనేజరు మామయ్యకు ఎదురుగా నిలబడి ఉన్నాడు. చేతిలో ఫోను పైకెత్తి ఉంది.

మెడకు బిగిసిన ముడి వేళ్ళకు లొంగక, మామయ్య రెండు చేతులా పలుపు పట్టుకుని, ఆవు భుజానికి మోకాలు ఆన్చి, పళ్ళ బిగువున గుంజుతున్నాడు.

టక్కుమంది ఫోను.

“మేడం! ఇటు రండి మేడం!” కేక పెట్టాడు మేనేజరు. “చచ్చిందనుకున్న ఆవుని ఇక్కడ దాచిపెట్టి కట్టేస్తున్నాడు చూడండి ముసలాడు! కళ్ళారా పట్టుకున్నాను!”

“విప్పుతున్నాడు!” అని అరిచింది పిచ్చుక. “విప్పుతున్నాడండీ!”

అరిచాకగానీ తెలియలేదు ఆమెకు. శనివారం శనివారం ఫోటోలు తీసి తీసి తన చేతికి ఎప్పుడో తెలిసిన సంగతే అది. బిగించే చేతులూ, విప్పే చేతులూ ఫోటోలో ఒక్కలాగే ఉంటాయి.

వెనక తలుపులోకి మేడం వచ్చింది. మేనేజరు ఎదురెళ్ళి ఫోను ఆవిడ ముఖానికి అడ్డంగా పెట్టాడు. నాలుగడుగుల దూరంలో ఆవు ఉంది. మామయ్య ఉన్నాడు. ముడి ఇంకా ఊడలేదు.

మేడం చూపు ముందు ఫోను మీద పడింది. అక్కడే ఆగిపోయింది.